వర్చువల్ మెషీన్‌లో ఆర్‌డీపీఎంసీ పరీక్ష: ఫాల్ట్ ఎవరిచ్చారు, లెక్క ఎవరిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక చిన్న సీ ప్రోగ్రామ్‌లో ఈసీఎక్స్ రిజిస్టర్‌ను సున్నా చేసి ఆర్‌డీపీఎంసీ (ప్రాసెసర్‌లోని పనితీరు కౌంటర్‌ను చదివే ఇన్‌స్ట్రక్షన్) పిలుస్తున్నారు. హోస్ట్ (అసలు యంత్రం) లినక్స్‌లో సిస్ఎఫ్ఎస్ (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్ళుగా కనిపించే చోటు) లోని ఆర్‌డీపీఎంసీ ఫైలులో 2 రాసి నడిపితే సంఖ్యలు వస్తున్నాయి, పెరుగుతున్నాయి. అదే బైనరీ కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్) గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో, సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోయింది. కేవీఎంతో కలిసి పనిచేసే క్యూఎము ప్రోగ్రామ్‌లో పీఎంయూ (ఈ కౌంటర్లుండే ప్రాసెసర్ భాగం) ఆన్ చేసి, గెస్ట్‌లోనూ అదే ఫైలులో 2 రాశాక ఫాల్ట్ పోయింది కాని ఎప్పుడూ సున్నానే వస్తోంది. అందుకని "హైపర్‌వైజర్ ఈ ఇన్‌స్ట్రక్షన్‌ను సరిగ్గా ఎమ్యులేట్ చేయడం లేదు" అని తేల్చారు. దీన్ని పట్టుకునే టెస్టు ఎలా రాయాలి అని అడిగారు.

టెస్టు సంగతికి తప్పకుండా వస్తాను. అంతకంటే ముందు ఒక మాట: మీరు చెప్పిన మూడు ఫలితాల్లో నాకు అన్నిటికంటే అనుమానంగా కనిపిస్తున్నది హోస్ట్‌లో "సరిగ్గా" వచ్చిన సంఖ్య. గెస్ట్‌లో వచ్చిన ఫాల్ట్, సున్నా రెండూ న్యాయంగానే ఉన్నాయి.

ఆర్‌డీపీఎంసీ దారిలో ముగ్గురు కాపలాదారులు ఉంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒకరు, హైపర్‌వైజర్ ఒకరు, ప్రాసెసర్ ఒకరు. ఎవరు అడ్డుకున్నా ప్రోగ్రామ్‌కు కనిపించేది ఒకటే, జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్. లినక్స్ దాన్ని సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్‌గా మార్చి ఇస్తుంది. అడ్డుకున్నది ఎవరో చెప్పలేని టెస్టు వల్ల ప్రయోజనం లేదు.

మొదటి కాపలా సీఆర్4 రిజిస్టర్‌లోని పీసీఈ బిట్, అంటే 8వ బిట్. అది సున్నా అయితే రింగ్ 0 (కెర్నెల్ నడిచే స్థాయి) తప్ప మిగతా రింగులకు ఈ ఇన్‌స్ట్రక్షన్ నిషేధం. లినక్స్ దీన్ని ప్రాసెస్‌ను బట్టి మారుస్తుంది. ఆ ఫైలులో 1 ఉంటే పెర్ఫ్ (లినక్స్‌లో కౌంటర్లను నడిపే వ్యవస్థ) ఈవెంట్‌ను తెరిచి దాని పేజీని మ్యాప్ చేసుకున్న ప్రాసెస్‌కే అనుమతి, 2 ఉంటే అందరికీ, 0 ఉంటే ఎవరికీ లేదు. గెస్ట్‌లో పీఎంయూ ఆపి ఉన్నప్పుడు లినక్స్‌కు హార్డ్‌వేర్ కౌంటర్లే కనబడవు. కనబడనప్పుడు సీపీయూ అనే ఈవెంట్ సోర్సు నమోదు కాదు, ఆ ఫైలూ ఉండదు, పీసీఈ బిట్ ఎప్పటికీ సున్నాగానే ఉండిపోతుంది. మీ మొదటి ఫాల్ట్ ఇదే. ఇంటెల్ వర్చువలైజేషన్‌లో ప్రివిలేజ్ స్థాయి వల్ల వచ్చే ఫాల్ట్‌కు వీఎం ఎగ్జిట్ (గెస్ట్ ఆగి అదుపు హైపర్‌వైజర్‌కు వెళ్ళడం) కంటే ప్రాధాన్యం ఎక్కువ. అంటే ఆ ఫాల్ట్ గెస్ట్ లోపలే పుట్టి లోపలే ముగిసింది. మీరు నింద మోపిన హైపర్‌వైజర్‌కు ఆ ఇన్‌స్ట్రక్షన్ నడిచిన సంగతే తెలియదు. నమ్మకం కుదరకపోతే హోస్ట్‌లో కేవీఎం ఎగ్జిట్ ట్రేస్‌పాయింట్ పెట్టి చూడండి. ఆర్‌డీపీఎంసీ కారణంతో, అంటే 15వ నంబరు కారణంతో, ఒక్క ఎగ్జిట్ కూడా కనిపించకూడదు.

ఇక సున్నా సంగతి. ఈసీఎక్స్‌లో 0 పెడితే ఇంటెల్‌లో చదివేది 0వ సాధారణ కౌంటర్‌ను. ఫిక్స్‌డ్ కౌంటర్లు కావాలంటే 30వ బిట్‌ను కూడా 1 చేయాలి. పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్ల లెక్కకు 0వ ఫిక్స్‌డ్ కౌంటర్, కోర్ సైకిళ్ళకు 1వది, రిఫరెన్స్ సైకిళ్ళకు 2వది. మీ ప్రోగ్రామ్ ఏ ఈవెంట్‌నూ తెరవలేదు. కాబట్టి గెస్ట్‌లో 0వ సాధారణ కౌంటర్‌ను ఎవరూ ప్రోగ్రామ్ చేయలేదు. ఎవరూ నడపని కౌంటర్ సున్నా చూపించడం సరైన ప్రవర్తనే. అది చదవడానికి వీలైంది కాబట్టి మూడు కాపలాలూ దాటినట్టే.

మరి హోస్ట్‌లో సంఖ్య ఎందుకు వచ్చింది? మీరు ఇచ్చిన అవుట్‌పుట్‌లో విలువలన్నీ 1407374883 అనే అంకెలతో మొదలవుతున్నాయి. ఆ అంకెలను నేను బాగా ఎరుగుదును. 2ను 47సార్లు హెచ్చవేస్తే 140737488355328 వస్తుంది. కౌంటర్ వెడల్పు 48 బిట్లయినప్పుడు లినక్స్ పెర్ఫ్ దాన్ని సున్నా నుంచి మొదలుపెట్టదు. ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్ రావాలి కాబట్టి గరిష్ఠ వ్యవధికి రుణ విలువను నింపుతుంది. 48 బిట్లలో అది సరిగ్గా 140737488355329 అవుతుంది. అంటే ఆ సమయంలో మీ హోస్ట్‌లో వేరే ఎవరో ఏదో పెర్ఫ్ ఈవెంట్‌ను ఆ కౌంటర్‌పై నడుపుతున్నారు. మీరు పక్కింటి మీటరు చదివి మన కరెంటు బిల్లు ఇంతే అనుకున్నారన్నమాట. మీరు లెక్కించామనుకున్నది ఇన్‌స్ట్రక్షన్లు కాకపోవచ్చు కూడా.

యూజర్ ప్రోగ్రామ్ నుంచి చదవడానికి సరైన పద్ధతి: పెర్ఫ్ ఈవెంట్‌ను తెరవాలి, మొదటి పేజీని మ్యాప్ చేయాలి, అందులోని ఇండెక్స్ ఫీల్డును చూడాలి. ఇండెక్స్ సున్నా అయితే ఈవెంట్ ఇప్పుడు ఏ కౌంటర్‌పైనా లేదని అర్థం, ఆర్‌డీపీఎంసీ పిలవకూడదు. సున్నా కాకపోతే అందులోంచి 1 తీసేసి ఈసీఎక్స్‌లో పెట్టాలి. ఫిక్స్‌డ్ కౌంటర్ అయితే 30వ బిట్ దానిలోనే వచ్చేస్తుంది. చదివిన విలువను పేజీలో చెప్పిన వెడల్పు మేరకు సైన్ ఎక్స్‌టెండ్ చేసి (పై బిట్లను సైన్ బిట్‌తో నింపి) ఆఫ్‌సెట్‌కు కలపాలి. చదవకముందు, చదివాక లాక్ ఫీల్డు మారలేదని చూసుకోవాలి, మారితే మళ్ళీ చదవాలి. ఈ మెట్లలో ఏది వదిలినా సంఖ్య వస్తూనే ఉంటుంది, కాకపోతే అది తప్పుడు సంఖ్య.

ఇప్పుడు టెస్టు. హైపర్‌వైజర్‌ను పరీక్షించడమే ఉద్దేశమైతే లినక్స్ యూజర్ ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టండి. మధ్యలో ఒక కెర్నెల్ ఉన్నంతకాలం మీరు పరీక్షిస్తున్నది దాన్నో హైపర్‌వైజర్‌నో తెలియదు. కేవీఎం యూనిట్ టెస్టుల వంటి చిన్న బేర్ గెస్ట్ (లోపల ఆపరేటింగ్ సిస్టమ్ లేనిది) కావాలి. అందులో సీఆర్4ను మీరే రాస్తారు, ఫాల్ట్ హ్యాండ్లర్ మీదే, కౌంటర్ ఎంఎస్ఆర్‌లూ (ప్రాసెసర్‌లోని ప్రత్యేక రిజిస్టర్లు) మీవే. అక్కడ పీఎంయూ టెస్టు ఇప్పటికే ఉంది. సొంతంగా రాసే ముందు దాన్ని ఒకసారి చదవండి.

ముందు ఫాల్ట్‌ల సంగతి తేల్చి, ఆ తర్వాతే విలువల జోలికి వెళ్ళండి. ఈ వరుస నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒకప్పుడు నేను రాసిన టెస్టులో "చెల్లని కౌంటర్ నంబరు ఇస్తే ఫాల్ట్ రావాలి" అనే భాగం ఉండేది. ఆరు నెలలు ప్రతి రాత్రీ పచ్చగా పాస్ అయింది. ఒకరోజు టెస్టు గెస్ట్ సెట్టింగులు చూస్తే పీఎంయూ ఆపేసి ఉంది. చెల్లని నంబరుకే కాదు, చెల్లే నంబరుకూ ఫాల్ట్ వస్తూ ఉందన్నమాట. అప్పటినుంచి నా టెస్టుల్లో ఒక నియమం: ఫాల్ట్ రావాలని చూసే ప్రతి కేసు పక్కన, ఒక్క అంశం మాత్రమే మార్చి, ఫాల్ట్ రాకూడని కేసు ఒకటి ఉండాలి. జంట లేని కేసును రాయను.

ఆ జంటలు ఇలా వస్తాయి. రింగ్ 3లో (యూజర్ ప్రోగ్రామ్‌ల స్థాయి) పీసీఈ 0 అయితే ఫాల్ట్, 1 అయితే ఫాల్ట్ లేదు. పీసీఈ 0గా ఉంచి రింగ్ 3 నుంచి రింగ్ 0కు మారితే ఫాల్ట్ ఉండకూడదు. రింగ్ 0లో చివరి కౌంటర్ నంబరును ఈసీఎక్స్‌లో పెడితే చెల్లాలి, దానికి ఒకటి కలిపితే ఫాల్ట్ రావాలి. రియల్ మోడ్‌లో పీసీఈతో సంబంధం లేకుండా పనిచేయాలి. వర్చువల్ 8086 మోడ్‌లో పీసీఈ 0 అయితే ఫాల్ట్. లాక్ ప్రిఫిక్స్ తగిలిస్తే ఇన్వాలిడ్ ఆప్‌కోడ్. ఎన్ని కౌంటర్లున్నాయో కోడ్‌లో రాసిపెట్టుకోకండి. ఇంటెల్‌లో సీపీయూఐడీ (ప్రాసెసర్ సామర్థ్యాలు చెప్పే ఇన్‌స్ట్రక్షన్) 10వ లీఫ్ చెబుతుంది: ఈఏఎక్స్‌లో 8 నుంచి 15 బిట్లు సాధారణ కౌంటర్ల సంఖ్య, 16 నుంచి 23 వాటి వెడల్పు, ఈడీఎక్స్‌లో కింది 5 బిట్లు ఫిక్స్‌డ్ కౌంటర్ల సంఖ్య. ఏఎండీలో పాత కౌంటర్లు 4, ఎక్స్‌టెన్షన్ ఉంటే 6. గెస్ట్‌కు సీపీయూఐడీలో ఎన్ని చూపించారో సరిగ్గా అన్నే చెల్లాలి. 4 చూపించి 8 చదవనిస్తే అదీ లోపమే. ఈ రకం లోపం గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి అది ఏళ్ళ తరబడి బతుకుతుంది.

ఫాల్ట్ వచ్చిందని మురిసిపోకుండా ఎలా వచ్చిందో కూడా చూడండి. ఎర్రర్ కోడ్ సున్నా ఉండాలి. స్టాక్‌లో దాచిన ఆర్ఐపీ (ఇన్‌స్ట్రక్షన్ చిరునామా ఉండే రిజిస్టర్) ఆర్‌డీపీఎంసీ మీదే ఉండాలి, దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ మీద కాదు. ఈ ఇన్‌స్ట్రక్షన్ పొడవు రెండు బైట్లు. హైపర్‌వైజర్ పొరపాటున ముందే ఆర్ఐపీని జరిపి తర్వాత ఫాల్ట్ ఇస్తే తేడా సరిగ్గా 2 వస్తుంది. ఆర్ఏఎక్స్, ఆర్‌డీఎక్స్ ముట్టుకోకుండా ఉండాలి. ఇందుకోసం పిలిచేముందు రెండింటిలోనూ 64 బిట్లూ నిండేలా ఏదో ఒక చెత్త విలువ నింపండి. ఫాల్ట్ వస్తే ఆ చెత్త అలాగే ఉండాలి. ఫాల్ట్ రాకపోతే రెండింటిలోనూ పై 32 బిట్లు సున్నా కావాలి. ఆర్‌సీఎక్స్ పై 32 బిట్లలో కూడా చెత్త నింపి చూడండి. ప్రాసెసర్ వాటిని పట్టించుకోదు, హైపర్‌వైజర్ కూడా పట్టించుకోకూడదు. ఎమ్యులేషన్ కోడ్‌లో 32, 64 బిట్ల మధ్య జారిపడే చోటు ఇదే.

హార్డ్‌వేర్ సాయం లేకుండా క్యూఎము టీసీజీతో, అంటే దాని సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్‌తో, నడిపితే ఈ వరుసంతా మారిపోతుందని గుర్తుంచుకోండి. అక్కడ ఆర్‌డీపీఎంసీ అమలు చేయలేదు. పీసీఈ తనిఖీ దాటాక ఇన్వాలిడ్ ఆప్‌కోడ్ వస్తుంది. టెస్టు ఫాల్ట్ నంబరు చూడకుండా "ఏదో ఫాల్ట్ వచ్చింది" అని మాత్రమే చూస్తే టీసీజీలో కూడా చాలా భాగాలు పాస్ అవుతాయి.

ఎంఎస్ఆర్ చదివి పీఎంయూ ఉందో లేదో తేల్చుకోవడం ఇంకో ఉచ్చు. కేవీఎంలో పీఎంయూ ఆపినా కొన్ని పాత కౌంటర్ ఎంఎస్ఆర్‌లు చదివితే ఫాల్ట్ రాదు, మౌనంగా సున్నా వస్తుంది. పాత గెస్ట్‌లు బూట్‌లో పడిపోకుండా చేసిన ఏర్పాటు అది. అదే గెస్ట్‌లో రింగ్ 0 నుంచి ఆర్‌డీపీఎంసీ పిలిస్తే మాత్రం ఫాల్ట్. ఒకే కౌంటర్‌కు రెండు ద్వారాలు, రెండు జవాబులు. లినక్స్ కెర్నెల్ దీనికి విరుగుడుగా బూట్‌లో ఒక కౌంటర్‌లో విలువ మార్చి రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందో లేదో చూస్తుంది. రాకపోతే పీఎంయూ హార్డ్‌వేర్ పాడైందని సందేశం ఇచ్చి సాఫ్ట్‌వేర్ ఈవెంట్లతో సరిపెట్టుకుంటుంది. మీరూ అదే చేయండి: రాయండి, చదవండి, పోల్చండి.

రాసేటప్పుడు ఒక చిక్కు. హెక్సాలో సీ1 నుంచి మొదలయ్యే పాత చిరునామాలకు రాస్తే కింది 32 బిట్లే తీసుకుని, 31వ బిట్‌తో సైన్ ఎక్స్‌టెండ్ చేస్తుంది. పూర్తి వెడల్పు రాయాలంటే సామర్థ్యాల ఎంఎస్ఆర్‌లో 13వ బిట్ ఉందో లేదో చూసి, హెక్సాలో 4సీ1 నుంచి ఉన్న మారుపేర్లకు రాయాలి. రెండు దారుల్లోనూ రాసి ఆర్‌డీపీఎంసీతో చదివితే హైపర్‌వైజర్ ఈ తేడాను పాటిస్తోందో లేదో ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇప్పుడు లెక్క నిజమా కాదా. ఇక్కడ నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది, దాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను. రెండే ఇన్‌స్ట్రక్షన్ల లూప్ తీసుకోండి: ఒకటి తగ్గించడం, సున్నా కాకపోతే వెనక్కి దూకడం. 10 లక్షల సార్లు తిప్పితే 20 లక్షల ఇన్‌స్ట్రక్షన్లు, 10 లక్షల బ్రాంచ్‌లు. ఈ రెండింటినీ ప్రాసెసర్ లోపల ఒకటిగా కలిపి నడిపినా పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్ల లెక్కలో రెండుగానే వస్తాయి. కౌంటర్ ఆన్ చేయడానికి, చదవడానికి అయ్యే ఖర్చు కూడా లెక్కలో చేరుతుంది కాబట్టి ఒక్క కొలత చాలదు. 10 లక్షల సార్లు ఒకసారి, 20 లక్షల సార్లు ఒకసారి కొలిచి తేడా తీసుకోండి. పైఖర్చు రెండింటిలో సమానం, కొట్టేసుకుపోతుంది. మిగిలేది 20 లక్షలు. ఒకటి రెండు ఎక్కువ వస్తే కంగారు పడకండి, మధ్యలో వచ్చిన ప్రతి ఇంటరప్ట్ లెక్కను కాస్త పెంచుతుంది. ఇంటరప్ట్‌లు ఆపి కొలిస్తే అదీ పోతుంది. తక్కువ వస్తే మాత్రం కంగారు పడండి.

తర్వాత ఆ లూప్‌లో ఒక సీపీయూఐడీ చేర్చండి. ఇంటెల్ వర్చువలైజేషన్‌లో సీపీయూఐడీ ప్రతిసారీ తప్పకుండా వీఎం ఎగ్జిట్ చేయిస్తుంది. ఎగ్జిట్ చేయించిన ఇన్‌స్ట్రక్షన్ హార్డ్‌వేర్ దృష్టిలో పూర్తి కాలేదు, దాన్ని హైపర్‌వైజర్ తన చేతులతో పూర్తి చేసింది. కాబట్టి హార్డ్‌వేర్ కౌంటర్ దాన్ని లెక్కించదు. గెస్ట్ దృష్టిలో మాత్రం అది పూర్తయింది. న్యాయంగా తేడా 30 లక్షలు రావాలి. హైపర్‌వైజర్ తాను ఎమ్యులేట్ చేసిన ఇన్‌స్ట్రక్షన్లను కౌంటర్‌కు కలపడం మరిచిపోతే 20 లక్షల దగ్గరే ఆగిపోతుంది. ఎగ్జిట్ సమయంలో హోస్ట్ కోడ్ లెక్క గెస్ట్‌లోకి కారిపోతుంటే 30 లక్షలను ఎక్కడో దాటిపోతుంది. ఒకే సంఖ్య, రెండు రోగాల నిర్ధారణ. పాత కేవీఎంలో మొదటి రోగం ఉండేది, తర్వాత సరిచేశారు.

సైకిళ్ళను ఇలా పరీక్షించాలని చూడకండి. ఫ్రీక్వెన్సీ మారుతుంది, కాష్ స్థితి మారుతుంది, పక్క హైపర్‌థ్రెడ్‌లో ఎవరున్నారో తెలియదు. పెరుగుతోందా, పూర్తిగా అసంబద్ధంగా లేదు కదా అన్నంతవరకే చూడండి. సైకిళ్ళపై కచ్చితమైన సంఖ్య రాసిన టెస్టు వారానికొకసారి ఊరికే ఫెయిలవుతుంది. కొన్నాళ్ళకు దాని మాట ఎవరూ వినరు.

దీనికి అనుబంధంగా ఒక జాగ్రత్త. ఆర్‌డీపీఎంసీ సీరియలైజింగ్ ఇన్‌స్ట్రక్షన్ కాదు, ముందున్నవి పూర్తి కాకుండానే అది చదివేయవచ్చు. పాత కోడ్‌లలో దీనికోసం ముందు సీపీయూఐడీ పెట్టేవారు. వీఎంలో అలా పెడితే ప్రతి కొలతకూ రెండు పక్కలా ఒక్కో ఎగ్జిట్ పడుతుంది. కొలవాలనుకున్న పదుల సైకిళ్ళ పని వేల సైకిళ్ళ శబ్దంలో మునిగిపోతుంది. దాని బదులు ఎల్‌ఫెన్స్ (ముందున్నవి పూర్తయ్యేదాకా ఆపే ఇన్‌స్ట్రక్షన్) వాడండి. అంతకుమించి, పెర్ఫ్ ఈవెంట్ల ఆధారంగా కౌంటర్లను నడిపే కేవీఎం పద్ధతిలో ఆర్‌డీపీఎంసీ తానే ఎగ్జిట్ చేయిస్తుంది. వేగం కోసం పుట్టిన ఇన్‌స్ట్రక్షన్, గెస్ట్‌లో ఎంఎస్ఆర్ చదివినంత నెమ్మదిగా నడుస్తుంది. అది లోపం కాదు, కాని చిన్న కోడ్ ముక్కలను వీఎంలో ఆర్‌డీపీఎంసీతో కొలిచి ముగింపులకు రాకండి.

కౌంటర్ కాసేపు నడిచి ఆగిపోతే గెస్ట్‌ను తిట్టేముందు హోస్ట్ వైపు చూడండి. పైన చెప్పిన కేవీఎం పద్ధతిలో గెస్ట్ కౌంటర్ అంటే హోస్ట్‌లో ఒక పెర్ఫ్ ఈవెంట్. హోస్ట్‌లో ఎన్ఎంఐ వాచ్‌డాగ్ (కోర్ బిగుసుకుపోయిందా అని చూసే కెర్నెల్ కాపలా) ఒక కౌంటర్ తీసుకుని కూర్చుంటుంది, ఇంకెవరో పెర్ఫ్ నడుపుతుంటే ఇంకొన్ని పోతాయి. గెస్ట్‌కు 8 కౌంటర్లున్నాయని చెప్పి, అన్నీ ఒకేసారి వాడబోతే కొన్నిటికి చోటు దొరకదు. గెస్ట్‌కు ఆ సంగతి చెప్పే దారి లేదు, కౌంటర్ కదలకుండా నిలబడిపోతుంది. టెస్టు నడిపేటప్పుడు హోస్ట్‌లో వాచ్‌డాగ్ ఆపండి, పెర్ఫ్ నడవడం లేదని చూసుకోండి, వీసీపీయూను (గెస్ట్‌కు కనిపించే ప్రాసెసర్) ఒక కోర్‌కు కట్టేయండి.

ఓవర్‌ఫ్లోకు ఒక్క కేసు చాలు. కౌంటర్‌లో మైనస్ 1000 నింపి పైన చెప్పిన లూప్ తిప్పండి. స్టేటస్ ఎంఎస్ఆర్‌లో ఆ కౌంటర్ బిట్ వెలగాలి, ఇంటరప్ట్ ఒక్కసారే రావాలి, ఇంటెల్‌లో అయితే లోకల్ ఏపిక్ (ఇంటరప్ట్ కంట్రోలర్) లోని పెర్ఫ్ ఎంట్రీలో మాస్క్ బిట్ దానంతట అదే 1 కావాలి. ఈ చివరిది చాలామంది చూడరు. నెస్టెడ్ వర్చువలైజేషన్ (గెస్ట్ లోపల ఇంకో హైపర్‌వైజర్) మీకు అవసరమైతే ఇంకొక్కటి చేర్చండి: మధ్య హైపర్‌వైజర్ ఆర్‌డీపీఎంసీ ఎగ్జిట్ కోరినప్పుడు, అడుగున ఉన్నది దాన్ని తానే మింగేయకుండా మధ్యదానికి అందించాలి.

మీ ప్రస్తుత ప్రోగ్రామ్ విషయానికి వస్తే, ఆ ఫైలులో 2 తీసేసి 1 పెట్టండి, ఈవెంట్ తెరిచి ఇండెక్స్ చదివి అందులోంచి 1 తీసేసి ఈసీఎక్స్‌లో పెట్టండి. 10 లక్షలు, 20 లక్షల తేడాను హోస్ట్‌లోనూ గెస్ట్‌లోనూ కొలిచి రెండు సంఖ్యలూ ఇక్కడ పెట్టండి. సీపీయూఐడీ చేర్చిన లూప్ సంఖ్య కూడా ఉంటే, మీ కేవీఎంలో పైన చెప్పిన రోగాల్లో ఏది ఉందో, లేదా ఏదీ లేదో చెప్పగలను.